క్రూజ్ షిప్‌లో పెళ్లి: ఏది ఓడ ఎక్కించాలి, ఏది గట్టునే కానిచ్చుకోవాలి

క్రూజ్ షిప్‌లో పూజకైనా నిప్పు వెలిగించనివ్వరు. హోమం, దీపం, అగరొత్తి, కర్పూర హారతి ఏదీ కుదరదు. డెక్ మీద మండపం ఎలా ఉండాలి, సంగీత్‌కి ఏ పాటలు పెట్టాలి అన్న చర్చకి ముందే రెండు కుటుంబాలూ కూర్చుని ఈ ఒక్క విషయం తేల్చుకోవాలి. తర్వాతి ప్లానంతా దీన్నిబట్టే నడుస్తుంది.

పెళ్లి అని ఒకే మాట అంటాం గానీ అందులో మూడు పనులున్నాయి. చట్టం ఒప్పుకునే పెళ్లి, శాస్త్రోక్తంగా చేసే పెళ్లి, నలుగురితో చేసుకునే సంబరం. కల్యాణ మండపంలో ఈ మూడూ ఒకే పూట అయిపోతాయి కాబట్టి విడదీసి ఆలోచించే అవసరం ఎవరికీ రాదు. ఓడలో తప్పనిసరిగా విడదీయాలి. సంబరానికి ఓడని మించిన చోటు లేదు. శాస్త్రానికి అక్కడ సగం చోటే. చట్టానికి చాలాసార్లు చోటే లేదు.

మొదటి పని: చట్టం సంగతి తేల్చుకోండి

"కెప్టెనే పెళ్లి చేస్తాడంట కదా" అని అందరూ అంటారు. అందులో నిజం సగమే. కెప్టెన్ చేసిన పెళ్లి చెల్లాలంటే ఆ ఓడ ఏ దేశంలో రిజిస్టర్ అయిందో ఆ దేశపు చట్టం అందుకు ఒప్పుకోవాలి. ఓడ వెనక భాగాన దాని పేరు కింద ఒక ఊరి పేరు రాసి ఉంటుంది, చూడండి. నసావు అంటే బహామాస్, హామిల్టన్ అంటే బెర్ముడా, వలెట్టా అంటే మాల్టా. ఈ మూడు జెండాల కింద తిరిగే ఓడల్లో కెప్టెన్ పెళ్లికి దారి ఉంది. కునార్డ్ కంపెనీ ఓడలు ఏళ్ల తరబడి బ్రిటన్ రిజిస్ట్రీలో ఉన్నాయి. అక్కడి చట్టం కెప్టెన్ పెళ్లిని ఒప్పుకోదు. 2011లో ఆ కంపెనీ తన ఓడల్ని బెర్ముడాకి మార్చుకున్న తర్వాతే వాటిమీద పెళ్లిళ్లు మొదలయ్యాయి.

అలాంటి పెళ్లి ఓడ రేవులో ఉన్నప్పుడు చెయ్యరు, నడిసముద్రంలోనే చేస్తారు. పాస్‌పోర్టులు, పుట్టిన తేదీ పత్రాలు, అవివాహితులమనే ధ్రువీకరణ, విడాకులైన వాళ్లయితే కోర్టు డిక్రీ, ఇవన్నీ నెలల ముందే పంపాలి. సర్టిఫికెట్ చేతికి వెంటనే రాదు. ఆ దేశపు రిజిస్ట్రీలో నమోదయ్యాక పోస్టులో వస్తుంది. ఇండియాలో ఎక్కడైనా చూపించాలంటే దానిమీద అపోస్టిల్ ముద్ర (ఆ పత్రం అసలైనదేనని ఆ దేశ ప్రభుత్వం వేసే ముద్ర) కావాలి. సర్టిఫికెట్ కోసం దరఖాస్తు చేసేటప్పుడే అపోస్టిల్ కూడా అడిగితే రెండోసారి తిరగక్కర్లేదు.

ఇద్దరూ భారత పౌరులైతే ఆ కెప్టెన్ సర్టిఫికెట్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. 1955 నాటి హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ ప్రకారం పెళ్లి ఆచార విధులతో జరగాలి. ఆ ఆచారంలో సప్తపది ఉంటే, అగ్ని ఎదుట ఏడో అడుగు పడినప్పుడే అది పూర్తవుతుంది. విధులేవీ జరగకుండా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ మాత్రం తీసుకుంటే అది పెళ్లి కాదని సుప్రీంకోర్టు 2024లో స్పష్టంగా చెప్పింది. పోనీ ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకుందామంటే, ఆ జిల్లా వివాహ అధికారికి 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పెళ్లి ఆయన ఆఫీసులో గానీ దగ్గర్లో గానీ, ముగ్గురు సాక్షుల ముందు జరగాలి. నడిసముద్రం "దగ్గర్లో" కిందికి రాదు.

అమెరికాలో ఉన్నవాళ్లకి ఇంకో దారి ఉంది. ఓడ రేవులో కట్టి ఉన్నప్పుడు ఆ రాష్ట్రపు లైసెన్స్ మీద, అధికారం ఉన్న వ్యక్తి వచ్చి పెళ్లి చేయించవచ్చు. మయామీ, పోర్ట్ కెనావరల్ నుంచి ఎక్కితే ఫ్లోరిడా లైసెన్స్ కావాలి. దాని గడువు 60 రోజులు. పెళ్లికి ముందు కోర్సు చెయ్యని ఫ్లోరిడా నివాసులకి మూడు రోజుల నిరీక్షణ ఉంటుంది, బయటి రాష్ట్రాల వాళ్లకి ఉండదు. హ్యూస్టన్, డల్లాస్ వాళ్లు గాల్వెస్టన్ నుంచి ఎక్కేటట్లయితే టెక్సస్ లైసెన్స్‌కి మామూలుగా 72 గంటలు ఆగాలి. శుక్రవారం లైసెన్స్ తీసుకుని ఆదివారం ఓడలో పెళ్లంటే కుదరదు.

మా సలహా ఒకటే. చట్టబద్ధమైన పెళ్లి గట్టునే కానిచ్చుకోండి. సొంతూళ్లో గానీ, అన్నవరం, సింహాచలం, యాదగిరిగుట్ట లాంటి క్షేత్రంలో గానీ దగ్గరివాళ్లతో హోమం, సప్తపది జరిపించి, రసీదూ ఫొటోలూ జాగ్రత్త చేసుకోండి. రిజిస్ట్రేషన్ ఫారంలో "వివాహం జరిగిన స్థలం" అన్న గడి ఒకటి ఉంటుంది. అక్కడ గుడి పేరో మండపం పేరో రాస్తే పని సాఫీగా సాగుతుంది. "అరేబియా సముద్రం" అని రాస్తే సబ్‌రిజిస్ట్రార్ గారు కలం కింద పెట్టేస్తారు.

రెండో పని: ఓడ, నెల, వీసా

ఇండియా నుంచి ఎక్కేవాళ్లకి ముంబై పెద్ద రేవు. కార్డీలియా కంపెనీ ఎంప్రెస్ ఓడ అక్కణ్ణుంచి గోవా, లక్షద్వీప్, కొచ్చి వైపు తిరుగుతుంది. సీజన్‌ని బట్టి చెన్నై నుంచి శ్రీలంక వైపూ వెళ్తుంది. 2023లో విశాఖలో క్రూజ్ టెర్మినల్ తెరిచారు. 2025 జూన్ చివర, జూలైలో చెన్నై, విశాఖ, పుదుచ్చేరి మధ్య ప్రయాణాలు నడిచాయి. ఆ ఏడాది అవి సరిగ్గా ఆషాఢంలో పడ్డాయి! రిసెప్షన్‌కి అభ్యంతరం లేదు గానీ ముహూర్తం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఓడ షెడ్యూలు వేసేవాళ్లు పంచాంగం చూడరు. తేదీ నచ్చిందని అడ్వాన్స్ కట్టే ముందు మీరే చూసుకోవాలి. ఆషాఢం, శూన్యమాసం, మౌఢ్యం లేకుండా ఉండి, సముద్రం కూడా కుదురుగా ఉండే రోజులు మనకి మాఘ, ఫాల్గుణాల్లో ఎక్కువ దొరుకుతాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అరేబియా సముద్రం రుతుపవనాలతో అల్లకల్లోలంగా ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపాన్ల భయం. కరీబియన్‌లో జూన్ 1 నుంచి నవంబరు 30 వరకూ హరికేన్ల కాలం.

ఓడ మధ్యలో ఆగే రేవులో అసలు కార్యక్రమం పెట్టుకోవద్దు. గాలి ఎక్కువైతే కెప్టెన్ ఆ రేవు మానేసి ముందుకి పోతాడు. అది ఆయన హక్కు అని మీరు సంతకం పెట్టిన కాగితంలోనే ఉంటుంది. రేవు రుసుము తప్ప చాలాసార్లు ఏమీ తిరిగి రాదు. గోవా బీచ్‌లో మండపం కట్టించి, పూలవాడికి డబ్బులు కట్టేశాక ఓడ గోవాలో ఆగకపోతే చేసేదేమీ లేదు. పైగా కొన్ని రేవుల్లో ఓడ దూరంగా ఆగుతుంది. చిన్న పడవలోకి దిగి ఒడ్డుకి చేరాలి. పట్టుచీరలో, మోకాళ్ల నొప్పులతో ఉన్న అమ్మమ్మని ఆ పడవలోకి దించడం ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించండి.

వీసా దగ్గర ఇంకో మెలిక. ఓడ దేశం దాటితే, అది మూడు రోజుల ప్రయాణమే అయినా, దేశం వదిలి మళ్లీ వచ్చినట్టే లెక్క. విదేశీ పాస్‌పోర్టుతో సింగిల్ ఎంట్రీ వీసా మీద ఇండియా వచ్చిన చుట్టం చెన్నైలో శ్రీలంక ఓడ ఎక్కితే, తిరిగి దిగేసరికి ఆయన వీసా అయిపోయి ఉంటుంది. ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకి ఇచ్చేది) ఉన్నవాళ్లకి ఈ బాధ లేదు.

అమెరికా తెలుగువాళ్లు తమ అతిథుల్లో హెచ్-1బి వాళ్లని ఒక్కొక్కరినీ అడగాల్సిన ప్రశ్న: "పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు ఉందా?" గడువు తీరిన స్టాంపు, చెల్లుబాటయ్యే ఐ-94తో (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే పత్రం) కెనడా, మెక్సికో వెళ్లి 30 రోజుల్లోపు తిరిగి రావడానికి ఒక వెసులుబాటు ఉంది. కరీబియన్ దీవుల నుంచి అలా తిరిగి రావడం ఎఫ్, జె వీసాల (విద్యార్థులు, ఎక్స్ఛేంజ్ మీద వచ్చినవాళ్లు) వాళ్లకే వర్తిస్తుంది, హెచ్-1బికి కాదు. ఎఫ్-1లో ఉన్న తమ్ముడు మయామీలో దిగిపోతాడు, హెచ్-1బిలో ఉన్న అన్న ఇరుక్కుపోతాడు. పిలుపులకి ముందే ఈ లిస్టు తయారుచేసి, అనుమానం ఉన్నవాళ్లని వాళ్ల లాయర్‌తో మాట్లాడమనండి.

మూడో పని: ముహూర్తం ఓడ గడియారానికి సరిపోవాలి

జీలకర్ర బెల్లం, తాళి ఓడలోనే ముహూర్తానికి పెట్టుకోవాలనుకునేవాళ్లు ఇక్కడే పెద్ద పొరపాట్లు చేస్తారు. పంతులుగారు విశాఖలో కూర్చుని విశాఖ పంచాంగం ప్రకారం లగ్నం పెడతారు. ఓడేమో ముంబైలో ఉంటుంది. రెండు ఊళ్ల మధ్య రేఖాంశంలో పదిన్నర డిగ్రీల దాకా తేడా ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున సూర్యుడు ముంబైకి దాదాపు 40 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. లగ్నం కూడా దాదాపు అంతే జరుగుతుంది. కాబట్టి పంతులుగారికి ముహూర్తం ఏ ఊళ్లోనో, ఓడ అయితే ఏ రేవులో ఉంటుందో, ఆ రోజు అక్కడి గడియారం ఎంత చూపిస్తుందో ముందే చెప్పండి. నడిసముద్రంలో అయితే ఆ గంటకి ఓడ ఉండబోయే చోటు కావాలి. అది వాతావరణాన్ని బట్టి మారుతుంది. దానికి తోడు కొన్ని ప్రయాణాల్లో రాత్రికి రాత్రి ఓడ గడియారాన్ని గంట మారుస్తారు. అందుకే ముహూర్తం ఏదైనా సరే రేవులో ఉండగానే పెట్టుకోవడం క్షేమం.

రేవులో మీకు దొరికే సమయం ఎంత? ఓడ సాయంత్రం నాలుగైదు గంటలకి బయలుదేరుతుందనుకుందాం. పెళ్లివాళ్లని పదిన్నర, పదకొండు మధ్య ఎక్కనిస్తారు. ప్రయాణం చెయ్యకుండా పెళ్లి చూసి వెళ్లిపోయే అతిథులు రెండు, రెండున్నరకల్లా దిగిపోవాలి. ఆ తర్వాత భద్రతా డ్రిల్ ఉంటుంది. 2012లో కోస్టా కాంకోర్డియా అనే క్రూజ్ ఓడ మునిగిన తర్వాత నిబంధనలు మార్చి, ఓడ కదిలే ముందు గానీ కదిలిన వెంటనే గానీ ప్రయాణికులందరికీ ఈ డ్రిల్ జరగాలన్నారు. పెళ్లికూతురికైనా మినహాయింపు లేదు. తలమీద జీలకర్ర బెల్లంతోనే డ్రిల్‌కి వెళ్లాలి. అంటే మీ చేతికి వచ్చేది పదకొండున్నర నుంచి ఒకటిన్నర మధ్య సమయం. అందులోనూ హాలు మీకు గంటో గంటన్నరో ఇస్తారు.

ఈ ఇరుకులో మనకి కలిసొచ్చేది అభిజిత్ లగ్నం. మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉండే వేళ అది. కాకపోతే గడియారంలో పన్నెండు అని అనుకోకండి. సూర్యుడు నడినెత్తికి వచ్చేది చెన్నైలో సుమారు 12.10కి, ముంబైలో 12.40కి. మయామీలో చలికాలం 12.20 ప్రాంతంలో, వేసవి గడియారం నడిచే నెలల్లో 1.20కి. కాలాన్ని బట్టి ఇంకో పావుగంట అటూ ఇటూ అవుతుంది. మయామీలో ఏప్రిల్ పెళ్లికి అభిజిత్ పెట్టుకుంటే, తాళి కట్టాక అక్షింతలు వేసి దిగిపోవడానికి అతిథులకి గంట కూడా మిగలదు.

ఇంకో పద్ధతి ఉంది. మాకు ఇదే నచ్చుతుంది. రేవు ఉన్న ఊళ్లోనే, తెల్లవారుజామునో పొద్దున తొమ్మిదిలోపో ఉండే ముహూర్తానికి గుళ్లోనో హోటల్లోనో హోమంతో సహా పెళ్లి జరిపించెయ్యండి. మధుపర్కాలతోనే వెళ్లి ఓడ ఎక్కండి. సాయంత్రం ఓడ కదులుతుండగా రిసెప్షన్. దీంట్లో శాస్త్రానికి లోటు రాదు, సబ్‌రిజిస్ట్రార్‌కి సందేహం రాదు, ఓడవాళ్లతో అగ్గి గురించి వాదన ఉండదు. ముహూర్తం తొమ్మిది దాటితే మాత్రం ఈ పద్ధతి జోలికి వెళ్లకండి. ట్రాఫిక్, ఫొటోలు, అప్పగింతల ఏడుపులు, అన్నీ అయి రేవు చేరేసరికి చెకిన్ మూసేస్తారు.

నాలుగో పని: గదులు, తలలు, డబ్బు

చాలా కంపెనీలు 8 గదులు, 16 మంది దాటితే గ్రూపు బుకింగ్‌గా తీసుకుంటాయి. 16 మంది డబ్బు కడితే ఒకరికి ప్రయాణ ఛార్జీ మినహాయించడం కూడా మామూలే, అడగండి. కాగితంలో మూడు తేదీలు ఎర్రసిరాతో గుర్తుపెట్టుకోండి: పేర్లు ఇవ్వని గదుల్ని జరిమానా లేకుండా వదిలేసుకునే ఆఖరి తేదీ, మొత్తం డబ్బు కట్టే తేదీ (సాధారణంగా ప్రయాణానికి 75 నుంచి 90 రోజుల ముందు), రద్దు చేస్తే ఎంత శాతం పోతుందో మారే తేదీలు.

మన దగ్గర "వస్తాంలే" అనే మాట ఒకటి ఉంది. కల్యాణ మండపంలో దానికి విలువుంది, యాభై మంది ఎక్కువైనా పులిహోర సర్దుతుంది. ఓడలో పాస్‌పోర్టు మీదున్నట్టు పేరు, పుట్టిన తేదీ ఇస్తేనే మనిషి ఉన్నట్టు. పెళ్లి చూసి దిగిపోయేవాళ్ల పేర్లు కూడా ముందే పంపాలి. రేవు గేటు దగ్గర "మా బావమరిది, ఇప్పుడే వచ్చాడు" అంటే లోపలికి రానివ్వరు.

రేటు గదికి ఇద్దరు చొప్పున వేస్తారు. ఒంటరిగా ఉండే పెదనాన్నగారు దాదాపు ఇద్దరి డబ్బు కట్టాల్సి వస్తుంది. ముగ్గురు నలుగురు పట్టే గదుల్లో మూడో మంచం పైనుంచి దిగే అరలాంటిది. నిచ్చెన ఎక్కాలి. పెద్దవాళ్లని అక్కడ వెయ్యకండి. ఫొటోగ్రాఫర్, మేకప్ అమ్మాయి, పంతులుగారు, సన్నాయి, డోలు వాళ్లు, వీళ్లంతా కూడా ప్రయాణికులే. ఒక్కొక్కరికీ గది, గుర్తింపు పత్రం, దేశం దాటితే పాస్‌పోర్టు కావాలి. సన్నాయి విద్వాంసులకి పాస్‌పోర్టు ఉందో లేదో ఆరు నెలల ముందు అడగండి. గర్భిణులకి మామూలుగా 24వ వారం మొదలైతే అనుమతి ఉండదు, ఆర్నెల్లు నిండని పసిపిల్లల్నీ ఎక్కించుకోరు. ఇది చెప్పకపోతే గేటు దగ్గర కన్నీళ్లే.

మొత్తం అంచనాలో ఎవరూ చెప్పని ఖర్చులు: మనిషికి రోజుకి ఇంత అని వసూలు చేసే టిప్పు, రేవు పన్నులు, వైఫై, హాలు వాడకానికి అదనపు గంటలు, బయటి ఫొటోగ్రాఫర్‌ని తెచ్చుకుంటే కట్టే రుసుము. ఇవన్నీ ఓడ తరఫున పెళ్లి పనులు చూసే కోఆర్డినేటర్ చేత ఈమెయిల్‌లో రాయించుకోండి. ఫోన్లో చెప్పిందానికి విలువ లేదు.

ఐదో పని: క్రతువు సామగ్రి ఒక్కొక్కటీ చూడండి

పంతులుగారు రాసిచ్చిన సామగ్రి లిస్టుని అలాగే ఓడ కోఆర్డినేటర్‌కి పంపండి, ఇంగ్లీషులో ప్రతి వస్తువు పక్కనా అది ఏమిటో, ఎంత బరువో రాసి. "సన్నికల్లు" అంటే వాళ్లకి అర్థం కాదు. "మంత్రం చదువుతూ పెళ్లికూతురి కాలు పెట్టించే రెండు కిలోల రాయి" అని రాయండి. లేకపోతే స్కానర్‌లో ఆ రాయి కనిపించగానే పెట్టె పక్కకి పోతుంది. నాలుగంగుళాలు మించిన కత్తి వద్దు. హారతికి బ్యాటరీ దీపాలు తీసుకెళ్లండి.

జీలకర్ర బెల్లానికి ఇబ్బంది లేదు. జీలకర్ర 50 గ్రాములు, బెల్లం 50 గ్రాములు ముందే నూరి స్టీలు డబ్బాలో పెట్టుకోవచ్చు, అది క్రతువు వస్తువని రాతపూర్వకంగా చెప్పి. తమలపాకులు, మామిడాకులు, కొబ్బరికాయలు, విడిపూలు మాత్రం బయటినుంచి చాలా ఓడల్లోకి రానివ్వరు. అమెరికా రేవులో దిగేటప్పుడు కస్టమ్స్ వాళ్లు పచ్చి ఆకులు, పళ్లు పట్టుకుంటారు. ఓడకి పూలు సరఫరా చేసేవాళ్ల ద్వారానే నెల ముందు ఆర్డరివ్వండి. గంపలో కూర్చునే పెళ్లికూతురి చేతిలో పెట్టే కొబ్బరిబోండాన్ని ఓడ వంటింటి నుంచే ఇప్పించమనండి.

తలంబ్రాల సంగతి విడిగా చెప్పాలి. ఓడ హాళ్లలో నేల నున్నగా ఉంటుంది. దాని మీద బియ్యం పడితే జారుడుబండే. ఓడ కాస్త ఊగితే ఫొటో కోసం పరిగెత్తే పిల్లలు ముందు పడతారు. అందుకే ఎగరేసే కాగితపు రంగుముక్కల్లాగే తలంబ్రాలనీ నిషేధించేస్తారు. ఒప్పించే మార్గం ఉంది. 12 అడుగుల పొడవూ వెడల్పూ ఉన్న మందపాటి దుప్పటి మండపం కింద పరిచి, పీటలు దాని మధ్యలో వేయండి. ఇద్దరికీ కలిపి కిలో బియ్యం చాలు. రెండున్నర కిలోల ఆచారం ఇంట్లో తీర్చుకోండి. కూర్చునే పోయించండి, నిలబడి ఎగజిమ్మనివ్వకండి. అవగానే నలుగురు నాలుగు మూలలు ఎత్తి మూటకట్టండి. ఒక్క గింజ కూడా సముద్రంలోకి విసరకూడదు. ఓడల చెత్తమీద అంతర్జాతీయ నియమాలున్నాయి, జరిమానా మీ గది బిల్లులో పడుతుంది.

పసుపు, నలుగు, మంగళస్నానాలు ఓడలో పెట్టుకోవద్దు. ముందురోజు హోటల్లో కానిచ్చెయ్యండి. టేకు చెక్క డెక్ మీద, కార్పెట్ మీద పడిన పసుపు మరక పోదు. గది బాత్‌రూం ఒక మనిషి తిరగడానికే ఇరుకు. టాయిలెట్లు గాలితో పీల్చి లాగే రకం, సన్నటి పైపులు. నలుగుపిండి, పూలరేకులు, కొబ్బరి పీచు అందులో పడితే మీ గదే కాదు, వరసలో ఉన్న గదులన్నీ ఆగిపోతాయి. పెళ్లిరోజు అలా పేరు తెచ్చుకోవడం ఎందుకు.

ఓడకి అన్నిటికంటే బాగా కుదిరేది అరుంధతీ దర్శనం. పట్నంలో వేలు చూపించి "కనిపించిందా" అంటే "ఆ, కనిపించింది" అని అబద్ధమాడటమే అందరం చేసేది. సముద్రం మీద దీపాలకి దూరంగా, పై డెక్ మీద నిలబడితే సప్తర్షి మండలంలో వసిష్ఠుడి పక్కన అరుంధతి నిజంగానే కనిపిస్తుంది. ఫిబ్రవరి చివర నుంచి ఆగస్టు దాకా అయితే రాత్రి భోజనానికి ముందో తర్వాతో చూడొచ్చు. నవంబరు, డిసెంబరు పెళ్లిళ్లకి ఆ మండలం సాయంత్రం దిగంతం కిందే ఉంటుంది. తెల్లవారుజామున లేపాలి.

ఆరో పని: లగేజీ, బట్టలు, బంగారం

రేవులో మీరిచ్చిన పెద్ద పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రమవుతుంది. మధ్యాహ్నం పెళ్లి అనుకుని మధుపర్కాల పెట్టెని పోర్టర్‌కి ఇచ్చేస్తే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. మంగళసూత్రం, మెట్టెలు, మధుపర్కాలు, పెళ్లికూతురి చీరలు, మందులు, పాస్‌పోర్టులు, పంతులుగారి సామాను, ఇవన్నీ చేతిసంచిలోనే ఉండాలి. ఇస్త్రీపెట్టె, ఆవిరితో ముడతలు తీసే మెషీన్, సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు గదిలోకి రానివ్వరు. పట్టుచీరలు ముందురోజే కుచ్చిళ్లు మడిచి, పిన్నులు పెట్టి, హ్యాంగర్‌కి తగిలించి తేవడం తెలివైన పని. లోపలి గదులు 150 నుంచి 180 చదరపు అడుగులే ఉంటాయి. పెళ్లికూతురూ, మేకప్ చేసేవాళ్లూ, సలహాలిచ్చే పిన్నులూ అందులో పట్టరు. ఎక్కడైనా డబ్బు మిగిల్చి ఒక్క పెద్ద సూట్ ముస్తాబు కోసం తీసుకోండి.

ఇండియా నుంచి దేశం దాటే ఓడ ఎక్కుతుంటే, వడ్డాణం, కాసులపేరు లాంటి బరువైన నగలకి వెళ్లేటప్పుడే కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి. లేకపోతే నాలుగు రోజుల తర్వాత అవే నగలతో దిగినప్పుడు "ఎక్కడ కొన్నారు" అన్న ప్రశ్న వస్తుంది. నగల ఫొటోలు, కొన్న బిల్లులు, తూకం చీటీ దగ్గరుంటే ఆ పని త్వరగా అవుతుంది.

భోజనాల సంగతి

ఓడ వంటింట్లో బయటి వంటవాళ్లని దూరనివ్వరు. రెండు నెలల ముందు మెనూ పంపి, పప్పు, పులిహోర, గుత్తివంకాయ, బొబ్బట్టు లాంటివి ఏవి చేయగలరో రాయించుకోండి. మూడు వంటకాలు నమ్మకంగా చేయించుకోవడం ముప్పై అడగడం కంటే మేలు. ఉల్లి వెల్లుల్లి తినని పెద్దవాళ్ల పేర్లు, గది నంబర్లతో విడిగా ఇవ్వండి. ఆవకాయ, గోంగూర కావాలంటే కంపెనీ సీలు వేసిన సీసాలే, అదీ అడిగాకే.

ఊగడం, ఫోన్లు, చివరి రోజులు

ఓడ మధ్యభాగంలో, కింది డెక్కుల్లో ఊపు తక్కువ. పెద్దవాళ్లకి ఆ గదులే అడగండి, బాల్కనీ మోజు పిల్లలకి వదిలెయ్యండి. వికారానికి వాడే మాత్రలు ఓడ కదలకముందే వేసుకుంటే పనిచేస్తాయి, వాంతులు మొదలయ్యాక అంతగా పనిచెయ్యవు. కొన్ని నిద్ర తెప్పిస్తాయి. పెళ్లికొడుకు పీటల మీద జోగకుండా డాక్టర్‌ని ముందే అడిగి, ఇంట్లో ఒకసారి వేసి చూడండి.

ఓడ రేవు వదలగానే అందరి ఫోన్లూ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టించండి. సముద్రంలో ఓడ నెట్‌వర్క్ ఫోన్‌కి తగిలితే రోమింగ్ బిల్లు పెళ్లిఖర్చులో ఒక పద్దు అవుతుంది. ఊళ్లో ఉన్న తాతయ్యకి లైవ్ చూపిస్తామని మాటివ్వకండి, ఓడ వైఫై వీడియోకి నిలకడగా ఉంటుందన్న నమ్మకం లేదు. రేవులో ఉండగా జరిగే కార్యక్రమాన్నే లైవ్ పెట్టండి. డ్రోన్, బాణసంచా, గాలిబుడగలు అడగడం కూడా అనవసరం.

రేవు ఊరికి ఒక రోజు ముందే చేరాలి. పొద్దున్నే హైదరాబాద్‌లో విమానం ఎక్కి మధ్యాహ్నం ముంబైలో ఓడ ఎక్కుతామంటే, ఒక గంట పొగమంచు చాలు, సగం పెళ్లివారు గట్టునే మిగిలిపోతారు. విమానంలా ఇంకో ఓడ సాయంత్రం ఉండదు. ముందురోజు రాత్రి హోటల్లో అందరి పత్రాలూ ఒక్కరే కూర్చుని సరిచూడాలి. ఆ ఒక్కరు పెళ్లికూతురి తండ్రి కాకూడదు, ఆయనకి ఆ రాత్రి వేరే పనులుంటాయి. నిదానస్తుడైన మేనమామని చూసి అప్పజెప్పండి.

తిరిగొచ్చాక నెలలోపే రిజిస్ట్రేషన్ పూర్తి చేసుకోండి. శుభలేఖ, గట్టున జరిగిన సప్తపది ఫొటోలు, గుడి రసీదు, వయసు, చిరునామా పత్రాలు తీసుకెళ్లాలి. శుభలేఖ మీద ఓడ పేరూ రిసెప్షన్ తేదీ ఒక్కటే వేయిస్తే అక్కడ చిక్కొస్తుంది. అచ్చుకి ఇచ్చేటప్పుడే ముహూర్తం తేదీ, స్థలం పై వరసలో, ఓడ సంబరం కింది వరసలో వేయించండి. సాక్షులుగా సంతకం పెట్టేవాళ్లు గుళ్లో పెళ్లి చూసినవాళ్లయి ఉండాలి, ఆ వారం ఊళ్లో ఉండాలి.